‘వెళ్లకండి’లోని ‘క’ ఎక్కడ పోతుంది? కర్మాగారాలకు మైకు, పేజింగ్ వ్యవస్థలను ఎంచుకోవడం ఎలా

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని ఒక రసాయన కర్మాగారంలో కొన్నేళ్ల కిందట జరిగిన మాక్ డ్రిల్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. సాల్వెంట్ ట్యాంకుల దగ్గర లీకు జరిగిందని, గాలి ప్యాకింగ్ హాలు వైపు వీస్తోందని, కాబట్టి ఆ హాల్లో ఉన్నవాళ్లు తలుపులు మూసుకుని లోపలే ఉండిపోవాలని ఆనాటి ప్రణాళిక. కంట్రోల్ రూములోంచి షిఫ్ట్ ఇన్‌ఛార్జి మైకు అందుకుని, “ప్యాకింగ్ హాల్లో ఉన్నవాళ్లు బయటికి వెళ్లకండి” అని రెండుసార్లు గట్టిగా చెప్పారు. రెండోసారి చెప్పడం పూర్తయ్యేలోపే హాలు తలుపులు తెరుచుకున్నాయి, దాదాపు 40 మంది వరుసగా బయటికి నడిచి వచ్చారు. తర్వాత జరిగిన సమీక్షలో కార్మికులకు శిక్షణ చాలలేదని రాసుకున్నారు. ఆ సమయంలో నేను ఆ హాల్లోనే ఉన్నాను. నాకు కూడా “వెళ్లండి” అనే వినిపించింది.

తెలుగులో “వెళ్లండి”, “వెళ్లకండి” అనే రెండు మాటలకు మధ్య తేడా ఒక్క అక్షరం. హిందీలో వద్దని చెప్పే మాట క్రియకు ముందు విడిగా వచ్చి నిలబడుతుంది. మన భాషలో అది క్రియ కడుపులో దాగి ఉంటుంది. తెరవండి, తెరవకండి, కదలండి, కదలకండి, కలపండి, కలపకండి: ప్రతి జంటలోనూ ప్రాణం తీసే ఆజ్ఞకూ ప్రాణం కాపాడే ఆజ్ఞకూ మధ్య ఉన్నది ఆ “క” ఒక్కటే. దాన్ని పలకడానికి పట్టే సమయం సెకనులో సుమారు పదో వంతు. అందులోనూ ఎక్కువ భాగం నిశ్శబ్దమే, ఎందుకంటే నాలుక వెనుక భాగం అంగిటిని తాకి ఊపిరిని క్షణకాలం ఆపుతుంది, ఆ తర్వాతే చిన్న పేలుడులాగా “క” బయటపడుతుంది. ఆ చిన్న నిశ్శబ్దం, ఆ చిన్న పేలుడు మైకు నుంచి బయలుదేరి కార్మికుడి చెవి దాకా చెక్కుచెదరకుండా చేరితే వ్యవస్థ బాగున్నట్టు, మధ్యలో పోతే ఎన్ని లక్షలు పెట్టినా బాగోలేనట్టు. కర్మాగారానికి పీఏ సిస్టమ్, అంటే మైకు నుంచి హారన్ల దాకా ఉండే ప్రకటన వ్యవస్థ, కొనదలచినవారు ఆ “క” ఎక్కడెక్కడ పోగలదో ముందుగా తెలుసుకుంటే, కొటేషన్లలోని మిగతా విషయాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

వాట్లు కాదు, దూరం

కొనుగోలు సంభాషణ దాదాపు ఎప్పుడూ “ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ కావాలి?” అనే ప్రశ్నతో మొదలవుతుంది. ఇది ఊళ్లలో మైకు సెట్టు అద్దెకు తీసుకునేటప్పటి అలవాటు. కర్మాగారానికి ఈ ప్రశ్న చివర్లో రావాలి. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ కొలమానంలో, యాంప్లిఫయర్ శక్తిని రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే, అంటే చెవికి కొద్దిగా తెలిసేంత. హారన్‌కూ మనిషికీ మధ్య దూరాన్ని సగం చేస్తే మాత్రం 6 డెసిబెళ్లు పెరుగుతుంది. అంటే 250 వాట్ల యాంప్లిఫయర్ తీసేసి 1000 వాట్లది పెట్టడం వల్ల వచ్చే లాభమూ, హారన్‌ను తెచ్చి సగం దూరంలో బిగించడం వల్ల వచ్చే లాభమూ ఒక్కటే. మొదటిదానికి డబ్బు కావాలి, రెండోదానికి నిచ్చెన, కాస్త కేబుల్ చాలు.

ఒక లెక్క చూద్దాం. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 108 డెసిబెళ్లు ఇచ్చే మామూలు హారన్‌కు 15 వాట్లు ఇస్తే, మీటరు దూరంలో సుమారు 120 డెసిబెళ్లు వస్తుంది. బాయిలర్ గదిలో చప్పుడు 88 డెసిబెళ్లు ఉందనుకుంటే, మాట స్పష్టంగా తెలియాలంటే దానిమీద కనీసం 10 కలిపి 98 డెసిబెళ్లు వినేవాడి చెవి దగ్గర ఉండాలి. 120 నుంచి 98కి తగ్గేసరికి ఆ శబ్దం ప్రయాణించగలిగింది దాదాపు 12 మీటర్లు. అదే హారన్‌ను 60 డెసిబెళ్ల చప్పుడున్న స్టోర్స్ ఆవరణలో పెడితే, లెక్క ప్రకారం 300 మీటర్లు దాటి కూడా మాట అందుతుంది. రాత్రివేళ పొరుగూరి గుడి మైకు మన ఊళ్లో తేటగా వినిపించడానికి కారణం హారన్ గొప్పతనం కాదు, పొలాల నిశ్శబ్దం. అందుచేత హారన్ పెట్టె మీద రాసి ఉండే “ఇంత దూరం వినిపిస్తుంది” అన్న మాటకు, చుట్టూ ఎంత చప్పుడుందో చెప్పనంత వరకు, అర్థం లేదు.

కాబట్టి మొదటి పని శబ్ద సర్వే. డెసిబెల్ మీటరు పట్టుకుని, యంత్రాలన్నీ పూర్తిగా నడుస్తున్న షిఫ్టులో, మనుషులు నిలబడే ప్రతి చోటా కొలవాలి. సెలవు రోజున వచ్చి ఖాళీ షెడ్డు చూసి డ్రాయింగ్ గీసే సరఫరాదారు కొలిచేది కర్మాగారాన్ని కాదు, కట్టడాన్ని. సర్వేలో ఎంత చప్పుడు అన్నదానితో పాటు ఎలాంటి చప్పుడు అన్నదీ రాసుకోవాలి. మాట బలం ఎక్కువగా 1000 హెర్ట్‌జ్ కంటే కింద, అచ్చుల్లో ఉంటుంది. మాట అర్థం మాత్రం ఎక్కువగా 1000 నుంచి 4000 హెర్ట్‌జ్ మధ్య, హల్లుల్లో ఉంటుంది. గరివిడి, బొబ్బిలి వైపున్న ఫెర్రో అల్లాయ్స్ కొలిమి దగ్గర వినిపించేది లోతైన హోరు, దానితో పాటు దుమ్ము లాగే ఫ్యాన్ల రొద. అక్కడ హల్లులకు కొంత చోటు మిగులుతుంది. సాల్వెంట్ కర్మాగారంలో వ్యాక్యూమ్ పంపుల దగ్గరా, ఆవిరి చిమ్మే వాల్వుల దగ్గరా ఆ చోటు కూడా ఉండదు. ఆవిరి బుస సరిగ్గా హల్లుల మీదే కూర్చుంటుంది.

నెల్లిమర్ల, రాజాం వంటి ఊళ్లకు తరతరాలుగా తెలిసిన జూట్ మిల్లు మగ్గాల షెడ్డును విడిగా చెప్పుకోవాలి. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటల షిఫ్టుకు చాలాకాలంగా ఉన్న శబ్ద పరిమితి 90 డెసిబెళ్లు. మగ్గాలన్నీ ఆడుతున్న షెడ్డు ఆ గీతను సులువుగా దాటేస్తుంది. 95 డెసిబెళ్ల చప్పుడు మీద మాట నిలబెట్టాలంటే 105 పైన అరిపించాలి. అంత బిగ్గరగా వచ్చిన మాటను విడదీసి వినగల శక్తి చెవికే తగ్గిపోతుంది. పైగా చెవులకు మఫ్‌లు పెట్టుకుని ఉన్నవాళ్లకు ఆ “క” వినిపించాలని ఆశించడం న్యాయం కాదు. అలాంటి షెడ్డులో మాట మీద ఆధారపడకూడదని నా గట్టి అభిప్రాయం. స్తంభాల మీద తిరిగే ఎర్ర దీపాలు వెలగాలి, సైరన్ మోగాలి, అది చూసిన మేస్త్రీలు ముందుగా నేర్చుకున్న చేతి సైగలతో మగ్గాలు ఆపించాలి. చప్పుడు తగ్గిన తర్వాతే మైకు మాట్లాడాలి. ఈ వరుస పాటిస్తే చిన్న హారన్లు చాలు; పాటించకపోతే పెద్దవి కూడా చాలవు.

ప్రతిధ్వని, సిరిమాను, దండోరా

నేను చూసిన ఆ ప్యాకింగ్ హాల్లో చప్పుడు అంత ఎక్కువేమీ కాదు. అక్కడ “క”ను మింగింది ప్రతిధ్వని. పైన రేకులు, కింద నున్నటి నేల, నాలుగు వైపులా గట్టి గోడలు. శబ్దాన్ని పీల్చుకునే వస్తువు ఒక్కటీ లేదు. “వెళ్ల” అన్న ధ్వని గోడలకు తగిలి తిరిగి వచ్చి, సరిగ్గా “క”లో ఉండవలసిన ఆ చిన్న నిశ్శబ్దాన్ని నింపేసింది. నిశ్శబ్దం పూడిపోతే “క” లేనట్టే. ఇలాంటి చోట శబ్దం పెంచితే ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది, లాభం సున్నా. ఆ హాల్లో రెండు మూలల్లో ఎత్తుగా, ఎదురెదురు గోడల వైపు తిప్పి బిగించిన రెండు పెద్ద హారన్లు ఉండేవి. చేయవలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం: ఎక్కువ సంఖ్యలో చిన్న స్పీకర్లు, తక్కువ ఎత్తులో, గోడల వైపు కాకుండా మనుషుల వైపు వంచి, ఒక్కొక్కటి తక్కువ వాట్లతో.

రెండు హారన్ల మాట ఒకే చెవికి వేర్వేరు సమయాల్లో చేరడం మరో చిక్కు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కాబట్టి ఒక హారన్ కంటే మరొకటి 17 మీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే దాని మాట సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా వస్తుంది, అక్కడి నుంచి చెవి దాన్ని వేరే మాటగా లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలిలో నిలబడ్డవారికి ఇది అనుభవమే: వీధి పొడవునా కట్టిన హారన్లన్నీ ఒకే మాట చెబుతుంటాయి, ఒక్కటీ అర్థం కాదు. ఉత్సవంలో దానివల్ల నష్టం లేదు. పొడవాటి షెడ్లలోనూ, పైపు ర్యాకుల వెంబడీ ఈ సమస్య వస్తే దూరంగా ఉన్న స్పీకర్లకు తగినంత ఆలస్యం జోడించే డిజిటల్ ప్రాసెసర్ కావాలి. స్పీకర్లు చిన్నవై దగ్గర దగ్గరగా ఉంటే చాలాచోట్ల ఆ అవసరమే రాదు.

నిజానికి మన పాత దండోరా ఈ సూత్రాలన్నిటినీ పాటించేది. దండోరా వేసేవాడు ఊరి మధ్య నిలబడి ఒక్కసారి అరిచి ఊరుకోడు. ప్రతి వీధి మలుపులో ఆగుతాడు. ముందు డప్పు కొడతాడు, జనం తలలు తిప్పాక డప్పు ఆపుతాడు, ఆపిన తర్వాతే మాట చెబుతాడు, అదే మాట మళ్లీ చెబుతాడు. మంచి వ్యవస్థలో కూడా ముందు గంట లాంటి స్వరం, తర్వాత ఒక క్షణం విరామం, తర్వాత సందేశం, దాని పునరుక్తి ఉండాలి. సైరన్ మోగుతుండగానే దాని మీద మాట్లాడించే అమరికలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. వాటిని కొనకూడదు.

మైకు ముందున్న మనిషి కూడా ఈ గొలుసులో ఒక కొండి. గట్టిగా అరిచినప్పుడు పెరిగేవి అచ్చులే, హల్లులు వెనకబడిపోతాయి. మైకును నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని, మామూలు గొంతుతో, మాటకూ మాటకూ ఎడం ఇస్తూ మాట్లాడటం ఒక గంటలో నేర్పవచ్చు. ఆ శిక్షణ ధర కొటేషన్‌లో ఉండదు గనుక ఎవరికీ గుర్తుకు రాదు.

తీగ వెంబడి

యాంప్లిఫయర్ నుంచి స్పీకర్ల దాకా మాట వెళ్లే మార్గానికి కర్మాగారాల్లో వాడేది 100 వోల్ట్ లైన్. పెళ్లి పందిట్లో వాడే 8 ఓమ్‌ల స్పీకర్‌ను పొడవాటి తీగకు కడితే శక్తిలో చాలా భాగం తీగలోనే వేడిగా పోతుంది. అందుకే, దూరప్రాంతాలకు కరెంటు పంపేటప్పుడు వోల్టేజి పెంచినట్టే, ఇక్కడా పెంచి పంపి, ప్రతి స్పీకర్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో దించుకుంటారు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద, స్పీకర్ ఎంత శక్తి తీసుకోవాలో ఎంచుకోవడానికి, 5, 10, 15 వాట్లు వంటి ట్యాప్‌లు ఉంటాయి. అన్ని స్పీకర్ల ట్యాప్‌లూ కూడితే యాంప్లిఫయర్ సామర్థ్యంలో 80 శాతం దాటకూడదు. మధ్యలో ఎవరో ఊరి మైకు సెట్టు హారన్ ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా తగిలిస్తే ఆ లైన్ మొత్తం కూలిపోతుంది. ఇది తరచూ జరిగే పొరపాటు.

కేబుల్ మందం గురించి ఒక ఉదాహరణ చాలు. 500 మీటర్ల దూరంలో 200 వాట్ల స్పీకర్ల గుంపు ఉందనుకుందాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడితే స్పీకర్ల దగ్గరికి చేరేది దాదాపు 80 వోల్టులు, అంటే శక్తిలో మూడో వంతుకు పైగా పోయినట్టు. 2.5 చదరపు మిల్లీమీటర్లది వాడితే 87 వోల్టులు చేరతాయి. డెసిబెళ్లలో ఈ తేడా చిన్నదే. అయితే శబ్ద సర్వేలో 10 డెసిబెళ్ల అంచు కోసం కష్టపడి, కేబుల్‌లో దాన్ని పారబోసుకోవడం తెలివైన పని కాదు. అంతకంటే ముఖ్యం ఆ కేబుల్ మంటల్లో ఎంతసేపు నిలుస్తుందన్నది. ప్రమాదం జరిగిన భవనంలోంచే తీగ పోతున్నప్పుడు, అక్కడ మంట రాగానే దాని అవతల ఉన్న మూడు భవనాలు మూగబోకూడదు. అందుకే మంటను తట్టుకునే కేబుల్ కావాలి. ప్రతి ప్రాంతానికీ ‘ఏ’, ‘బి’ అని రెండు లైన్లు వేర్వేరు దారుల్లో వేసి, స్పీకర్లను ఒకటి విడిచి ఒకటి వాటికి కలపాలి. ఒక లైన్ పోయినా సగం స్పీకర్లు మాట్లాడతాయి.

గుండె ఒక్కచోటా, ప్రతిచోటా?

మార్కెట్‌లో ఉన్న వ్యవస్థలు ప్రధానంగా మూడు తీరులు. మొదటిది కేంద్రీకృతం: కంట్రోల్ రూములో ర్యాకు, అందులో యాంప్లిఫయర్లు, అక్కడి నుంచి అన్ని దిక్కులకూ తీగలు. నిర్వహణ సులువు, పేలుడు ప్రమాదమున్న ప్రాంతాల్లో ఎలక్ట్రానిక్స్ తక్కువ. కాని ఆ గది పోతే అంతా పోతుంది, కాబట్టి ఒకటి చెడితే దానంతట అదే అందుకునే అదనపు యాంప్లిఫయర్ తప్పనిసరి.

రెండోది పేజ్-పార్టీ. దీన్ని మన దగ్గర చాలామంది కేవలం ఫోనుల వరుసగా భావిస్తారు, అందువల్ల దాని విలువ తెలియదు. ఆవరణలో అక్కడక్కడా హ్యాండ్‌సెట్లు ఉంటాయి. ప్రతి హ్యాండ్‌సెట్ పెట్టెలోనూ ఒక చిన్న యాంప్లిఫయర్, దానికో హారన్. ఆపరేటర్ మీట నొక్కి “బాయిలర్ ఫిట్టర్ రెండో లైన్‌లోకి రండి” అని పిలుస్తాడు, ఆ పిలుపు అన్ని హారన్లలో వినిపిస్తుంది; ఫిట్టర్ దగ్గరలోని హ్యాండ్‌సెట్ ఎత్తి రెండో లైన్‌లోకి వస్తాడు, మిగతా సంభాషణ వాళ్లిద్దరి మధ్యే నడుస్తుంది. కేంద్రం అంటూ లేదు గనుక ఒక పెట్టె చెడితే ఆ మూల మాత్రమే మూగబోతుంది. ఇంకో గొప్ప గుణం, విన్నవాడు జవాబు చెప్పగలడు. “బయటికి వెళ్లకండి అన్నారా, వెళ్లండి అన్నారా?” అని ఆ ప్యాకింగ్ హాల్లోంచి ఒక్కరు అడగగలిగి ఉంటే ఆనాటి కథ వేరేలా ఉండేది. సాల్వెంట్లున్న చోట మామూలు మొబైల్ ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. అలాంటి పైడిభీమవరం తరహా రసాయన కర్మాగారాలకు ఎదురు మాట్లాడే వీలున్న వ్యవస్థ విలాసం కాదు, అవసరం.

మూడోది ఐపీ వ్యవస్థ, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేది. ప్రతి స్పీకర్‌కూ సొంత చిరునామా ఉంటుంది, కాబట్టి ఏ మూలకు ఏ సందేశమో ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, చెడిన స్పీకర్ తానే ఫిర్యాదు పంపుతుంది. కొత్తగా కట్టే కర్మాగారానికి ఇది ఆకర్షణీయమైన దారే. అయితే మూడు పరిమితులు గుర్తుంచుకోవాలి. రాగి నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లు దాటి పనిచేయదు. నెట్‌వర్క్ తీగలోనే కరెంటు కూడా పంపే సాధారణ పీఓఈ స్విచ్ ఒక స్పీకర్‌కు ఇవ్వగలిగేది 13 వాట్ల లోపే, కాస్త మెరుగైనది 25 వాట్ల వరకు. పెద్ద హారన్లకు విడిగా కరెంటు కావాలి. ఇక ఉత్తరాంధ్రలో వర్షాకాలానికి ముందు పడే పిడుగుల సంగతి అందరికీ తెలుసు. ఒక భవనం నుంచి మరో భవనానికి రాగి కేబుల్ వేస్తే ఒక్క పిడుగుతో వరుసగా స్విచ్‌లన్నీ మాడిపోగలవు, అందుచేత భవనాల మధ్య ఆప్టికల్ ఫైబరే వేయాలి.

ఎవరికి ఏది? విశాలంగా పరుచుకుని, బయట పనిచేసే మనుషులు అక్కడొకరూ ఇక్కడొకరూ ఉండే రసాయన, ఫెర్రో కర్మాగారాలకు పేజ్-పార్టీ గుణాలున్న వ్యవస్థనే నేను ముందు పెడతాను. ఒకే కప్పు కింద వందలమంది ఉండే మిల్లులకు కేంద్రీకృతం సరిపోతుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టే చిన్న యూనిట్‌కు ఈ మూడింటిలో ఏదీ అక్కర్లేదు: బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయర్, రెండు హారన్లు, చేత్తో తిప్పే సైరన్ ఒకటి చాలు. చేతి సైరన్‌కు కరెంటుతో పని లేదు.

ఆవిరి, ఉప్పుగాలి, తుపాను

మండే ఆవిరులు ఉండే ప్రాంతాలను ఎంత తరచుగా అవి ఉంటాయన్నదాన్ని బట్టి 0, 1, 2 జోన్లుగా విభజిస్తారు. వాటిలో పెట్టే స్పీకర్‌కు ఐఎస్/ఐఈసీ 60079 ప్రమాణాల ప్రకారం ధ్రువీకరణ, పెసో (పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ) అనుమతి ఉండాలి. పెట్టె మీద గ్యాస్ వర్గం, ఉష్ణోగ్రత వర్గం రాసి ఉంటాయి. టొలీన్, అసిటోన్ ఉన్న చోట సరిపోయే పెట్టె, హైడ్రోజన్ వాడే రియాక్టర్ దగ్గర సరిపోదు. హైడ్రోజన్‌కు అన్నిటికంటే కఠినమైన ఐఐసీ వర్గం కావాలి. ఈతర్ వంటి తక్కువ వేడికే అంటుకునే ద్రవం ఉంటే ఉపరితల ఉష్ణోగ్రత 135 డిగ్రీలు దాటని టీ4 వర్గం కావాలి. ధ్రువపత్రం ఉన్న హారన్ కొని, కేబుల్ దూర్చే గ్లాండ్ మామూలుది వాడితే ధ్రువపత్రానికి విలువ లేదు. లోపల పేలినా మంటను బయటికి రానివ్వని ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెకు ఒక్క బోల్టు తక్కువ బిగించినా, కొత్త కేబుల్ కోసం ఎవరైనా పక్కన కన్నం వేసినా అది ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు. అందుకే వీలైన ప్రతి చోటా స్పీకర్‌ను ఆ జోన్ వెలుపల పెట్టి లోపలి వైపు తిప్పడం అన్నిటికంటే మంచి పరిష్కారం.

తీరానికి దగ్గరగా ఉన్న కర్మాగారాల్లో రెండు మూడు వర్షాకాలాలు గడిచేసరికి ఇనుప క్లాంపులు పొడిగా రాలిపోతాయి. ఫైబర్‌గ్లాస్ శరీరం, 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు, దుమ్మూ నీళ్లూ చొరబడనివ్వని ఐపీ 66 రక్షణ ఉన్న హారన్లు అడగాలి. తుపాను గాలికి హారన్ ఊడిపడకపోయినా దిక్కు మార్చుకుంటుంది, అది ఎవరి కంటా పడదు. అందుకే ప్రతి తుపాను తర్వాత హారన్లు ఏ వైపు చూస్తున్నాయో సరిచూసే పని మెయింటెనెన్స్ జాబితాలో ఉండాలి.

కరెంటు సంగతికొస్తే, ప్రమాణాలు సాధారణంగా అడిగేది 24 గంటలు మౌనంగా ఎదురుచూసి, ఆ తర్వాత అరగంట హెచ్చరిక వినిపించగల బ్యాటరీ. 2014 అక్టోబర్ 12 నాటి హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసిన మనకు 24 గంటలు ఎంత చిన్నవో తెలుసు. ఆ తుపాన్ల తర్వాత ఊళ్లు రోజుల తరబడి చీకటిలోనే ఉన్నాయి. పీఏ ర్యాకును డీజిల్ జనరేటర్ మీద ముందు వరసలో పెట్టాలి. ఐపీ వ్యవస్థ అయితే షెడ్లలోని ప్రతి నెట్‌వర్క్ స్విచ్‌కు కూడా బ్యాటరీ ఉండాలి. ర్యాకుకు బ్యాటరీ పెట్టి, దారిలోని స్విచ్‌ను గోడ ప్లగ్గుకు వదిలేసిన చోట కరెంటు పోగానే అంతా మూగబోతుంది, అవసరం పడేదాకా ఆ లోపం బయటపడదు.

బయటపడని లోపాలే ఈ వ్యవస్థలకు ప్రధాన శత్రువులు. చెడిపోయిన మోటారు ఆగిపోయి తెలుస్తుంది. చెడిపోయిన హారన్ ఊరికే ఉంటుంది, బాగున్న హారన్ కూడా ఊరికే ఉంటుంది. మనిషి చెవికి అందని 20,000 హెర్ట్‌జ్ దగ్గరి స్వరాన్ని ఎప్పుడూ లైన్‌లో పంపుతూ, అది చివరిదాకా చేరుతోందో లేదో చూసుకునే పర్యవేక్షణ వ్యవస్థలు ఉన్నాయి. దానికయ్యే అదనపు ఖర్చును కొనుగోలు విభాగం కొట్టేయబోతుంది, కొట్టేయనివ్వకూడదు. అలాగే ఆఫీసు గదుల్లో, క్యాంటీన్‌లో ఉండే వాల్యూమ్ నాబ్‌లను ఎవరైనా తగ్గించి ఉంచినా అత్యవసర ప్రకటన పూర్తి గొంతుతో వచ్చేలా ఓవర్‌రైడ్ రిలే ఉండాలి.

గోడ అవతలి ఊరు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారులోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి నిద్రలో ఉన్న ఇళ్లను కమ్మేసి 12 మందిని బలిగొంది. సైరన్ మోగించే మీటలు ఆవరణలో 36 చోట్ల ఉన్నా ఒక్కటీ నొక్కలేదని ఆ తర్వాత ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ తేల్చింది. అంతటి విషాదాన్ని ఉత్తరాంధ్రలోనే చూసిన తర్వాత, రసాయన కర్మాగారపు ప్రకటన వ్యవస్థను గోడ లోపలికే పరిమితం చేసి గీయడం నాకు మింగుడుపడదు. గోడ మీద బయటి వైపు తిరిగిన హారన్లు కొన్ని ఉండాలి. రాత్రిపూట ఊళ్ల నిశ్శబ్దంలో అవి చాలా దూరం వినిపిస్తాయని పైన లెక్కలోనే చూశాం. ఏ స్వరానికి ఏమి అర్థమో, విన్నప్పుడు ఏ దిక్కుకు నడవాలో ఊరివారికి ముందే తెలిసి ఉండాలి. ప్రమాదకర రసాయనాలపై 1989 నాటి నిబంధనలు ఆవరణ లోపలి ప్రణాళికకు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరపమంటాయి. ఆ రోజు ఊరి పెద్దలను పిలిచి ఆ స్వరాలు వినిపిస్తే ఖర్చేమీ అదనంగా కాదు.

మాటల ఎంపిక

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా “క” పోయే అవకాశం కొంత మిగులుతుంది. కాబట్టి ఆ అక్షరం మీద ప్రాణాలు నిలబెట్టని మాటలనే ఎంచుకోవాలి. “బయటికి వెళ్లకండి” బదులు “లోపలే ఉండండి”. “తలుపు తెరవకండి” బదులు “తలుపు మూసి ఉంచండి”. వద్దనక తప్పనప్పుడు “వెళ్లకండి” కంటే “వెళ్లొద్దు” మేలు, ఎందుకంటే అక్కడ నిషేధం ఒత్తుతో, మాట చివర, గట్టిగా వినిపిస్తుంది. గుమిగూడే స్థలాలకు అంకెలు పెట్టేటప్పుడు కూడా ఆలోచించాలి: ఎనిమిది, తొమ్మిది చప్పుడులో ఒకేలా ఉంటాయి, మూడు, ఏడు కూడా అంతే. “వేపచెట్టు గేటు”, “నీళ్ల ట్యాంకు”, “క్యాంటీన్ మైదానం” అంటే ఎవరూ పొరబడరు. గాలి దిక్కును బట్టి ఆ స్థలం మారుతుంది. మన తీరంలో పగటి గాలి సముద్రం నుంచి, రాత్రి గాలి నేల నుంచి వీస్తుంది గనుక ప్రతి స్థలానికీ విడివిడిగా రికార్డు చేసిన సందేశం సిద్ధంగా ఉండాలి, గాలి గుడ్డను చూసి సరైన మీట నొక్కగల మనిషి ప్రతి షిఫ్టులోనూ ఉండాలి.

సందేశాలు తెలుగులో మాత్రమే ఉంటే చాలదు. ఒడిశా సరిహద్దు పక్కనే ఉంది, బిహార్ నుంచీ కాంట్రాక్టు కార్మికులు వస్తారు. తెలుగు, ఒడియా, హిందీ వరుసగా, ఒక్కొక్కటి పది సెకన్లు మించకుండా ఉండాలి. రికార్డు చేసే గొంతు ఈ ప్రాంతపు యాస తెలిసినదై, నిదానంగా పలికేదై ఉంటే చాలు. ఇక అదే మైకులో రోజూ పుట్టినరోజు శుభాకాంక్షలు, పాటలు, ప్రతి చిన్న పిలుపూ వినిపించే చోట, చెవులు ఆ గొంతును పట్టించుకోవడం మానేస్తాయి. సాధారణ పిలుపులను హ్యాండ్‌సెట్ లైన్లకు మళ్లించి, హారన్లను వీలైనంత మౌనంగా ఉంచాలి.

వ్యవస్థను స్వీకరించే రోజున సరఫరాదారు “హలో, మైక్ టెస్టింగ్” అంటే అది పరీక్ష కాదు. మాట స్పష్టతను 0 నుంచి 1 వరకు కొలిచే ఎస్‌టీఐ అనే సూచిక ఉంది. ఐఈసీ 60268-16 ప్రమాణం దాన్ని కొలిచే పద్ధతి చెబుతుంది, కనీసం 0.5 రావాలని ఒప్పందంలో రాయాలి, అదీ యంత్రాలు నడుస్తుండగా. దానితో పాటు నేను మరో పరీక్ష కూడా రాయిస్తాను. తెరవండి, తెరవకండి వంటి పది జంటల్లోంచి ఒక్కో మాటను ఏ వరుసా లేకుండా మైకులో చదవాలి. వివిధ మూలల్లో నిలబడ్డ కార్మికులు, రోజూ పెట్టుకునే మఫ్‌లతోనే, తాము విన్నదాని మీద కాగితంలో టిక్కు పెట్టాలి. తప్పులు ఎక్కువ వచ్చిన చోట హారన్ జరిపి మళ్లీ చదవాలి. చివరి వాయిదా డబ్బు ఆ కాగితాలు చూశాకే ఇవ్వాలి.

ఆ రసాయన కర్మాగారంలో ప్యాకింగ్ హాలుకు ఈ పరీక్షే పెట్టాం. పెద్ద హారన్లు రెండూ తీసి, 6 వాట్ల చిన్న స్పీకర్లు పన్నెండు తక్కువ ఎత్తులో పెట్టాక, దాదాపు అన్ని మూలల నుంచీ కాగితాలు సరిగ్గా వచ్చాయి. మెట్ల కింద, కార్టన్లు పేర్చే ఇరుకులో నిలబడిన ఇద్దరికి మాత్రం మళ్లీ “తెరవండి” అనే వినిపించింది. అక్కడ ఎర్ర దీపం ఒకటి బిగించాం.